జానెడు మన్ను

పద్నాలుగేళ్లుగా నేను ఒకే ఒక్క మాట మోస్తున్నాను. పెద్ద మాట కాదు. "నిలస్తాది" అన్నాను. అంతే. ఒక ఆడమనిషి నన్ను నమ్మి, ఇక్కడ చెట్టు నిలుస్తుందా అని అడిగితే, నిలవదని తెలిసి కూడా ఆమె కళ్లలోకి చూస్తూ ఆ మాట అన్నాను. ఇప్పటికీ అన్నం కలుపుతుంటే, బస్సు కోసం నిలబడితే, పిల్లల బరువులు తూస్తుంటే ఆ మాట నా గొంతుతోనే నాకు వినిపిస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకైతే ఇది చెప్పలేను. నేను ఒక మెట్ట ఊళ్లో అంగన్‌వాడీ నడుపుతాను. రోజూ రిజిస్టర్లు నింపే చెయ్యి ఇది, రాయడం దానికి కొత్త కాదు. అయినా ఈ కాగితాలు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చించాను. పేర్లు మార్చాను. ఊరి పేరు చెప్పను. నాయుడుపేటకు పడమరగా, గట్టెక్కితే శ్రీహరికోట రాకెట్టు పొగ కనిపించే ఊళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి అనుకోండి.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఏడుస్తూ రాయడం లేదు. నేను ఒక మనిషి మీద పగబట్టాను. ఆ పగ న్యాయమైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. మీరు నన్ను దయగల మనిషిని చేసి చదవొద్దు. పగబట్టినందుకు కాదు నేను రాసేది. అది ఎవరి నెత్తిన పడుతోందో కళ్లారా చూసి కూడా ఊరుకున్నందుకు.

ముందు మా గట్టు, అంటే ఊరి మీది గుట్ట సంగతి చెప్పాలి. దూరం నుంచి చూస్తే నల్లగా, మంచి సత్తువ ఉన్నదానిలా కనిపిస్తుంది. కొత్తవాళ్లు మోసపోయేది అక్కడే. అది బంకమన్ను. వాన పడితే చెప్పుకు పట్టుకుని వదలదు. ఎండితే వేలు దూరేంత నెర్రెలు విడుస్తుంది. ఆ నెర్రెలు చూసి, అబ్బో ఎంత లోతు మన్నో అనుకుంటారు. లోతు జానెడు. కొన్నిచోట్ల అదీ ఉండదు, బెత్తెడే. దాని కింద తెల్లటి సుద్ద, సుద్ద కింద పలక రాయి. గడ్డపార వేస్తే ఖంగుమని చేతులకు తిరిగి కొడుతుంది. ఆ జానెడు మన్ను మీద గరిక, బోదగడ్డి, రేగుకంపలు బతుకుతాయి. వాటికి అంతే చాలు. వానలు పడ్డ రెండు నెలల్లో పెరిగి, గొర్రెల కడుపు నింపి, ఎండాకాలం పడుకుంటాయి.

మా నాయన గొర్రెలు కాసేవాడు. మా తాతా కాసేవాడు. వాళ్లకొక కట్టుబాటు ఉండేది. వాన వెలిశాక మూడు రోజులు మందను గట్టు ఎక్కించేవాళ్లు కాదు. తడి మన్నులో గిట్ట దిగితే ఆ పలచటి పొర పెళ్లగా లేస్తుంది, లేచింది మరుసటి వానకు కొట్టుకుపోతుంది, తరువాత అక్కడ గడ్డి మొలవదు. గొర్రెలు ఆకలితో అరుస్తున్నా సరే, కిందే కట్టి, తుమ్మకొమ్మలు నరికి వేసేవాళ్లు. "గట్టుకి ఒంటి మీద ఒకటే గుడ్డమ్మా, దాన్ని మనం లాగకూడదు" అనేవాడు నాయన. నేను పదో తరగతి చదివాను, బళ్లో మన్ను గురించి ఏదో పాఠం ఉండేది, అందులో ఇది లేదు.

రమణయ్యది బుచ్చిరెడ్డిపాలెం వైపు, మా నోట బుచ్చి. అక్కడ పెన్నానీటి మాగాణి ఉన్న కుటుంబం. మా గట్టు వాలు, దాని కింద పొలం కొని, చుట్టూ కంచె వేసి, పెద్ద ప్రహరీగోడతో ఇల్లు కట్టుకుని మా ఊరు వచ్చాడు. కొంతకాలం ఇక్కడ, కొంతకాలం అక్కడ ఉండేవాడు. గొర్రెలు పోయే దారి ఆ కంచె పక్కగానే. ఒక ఏడు తుపాను వాన పట్టుకుంది. నాయన కట్టుబాటు తప్పలేదు. గట్టెక్కించకుండా ఆ కంచె వారనే మందను తిప్పాడు. వానకు కంచె రాళ్లు జారాయి, గొర్రెలు నలభై దాకా రమణయ్య వేరుశనగలో పడ్డాయి. తిన్నది ఎంతో లేదు. ఆయన మనుషులు వచ్చి మొత్తం మందను తోలుకుపోయి ఆ ప్రహరీ లోపల పెట్టి గేటు వేశారు.

నాయన గేటు దగ్గర నిలబడ్డాడు. నేను గొడుగు తీసుకుని వెళ్లాను, గొడుగు పట్టనివ్వలేదు. పంట నష్టానికి ఏం కావాలో చెప్పమని అడిగాడు. రమణయ్య ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, ఏదో ఒకటి ఇచ్చుకునేవాళ్లం. ఆయన గేటు లోపల నుంచి నవ్వాడు. "వాన పడితే మూడు దినాలు మీరు గట్టెక్కరంట గదా పోలయ్యా. మూడు దినాలు ఈడే ఉండనీ, మన్ను ఆరినాక తోలుకపో" అన్నాడు. ఆ కట్టుబాటు సంగతి ఒకరోజు నాయనే ఆయనకు ముచ్చటగా చెప్పాడు.

మూడు రోజులూ వాన ఆగలేదు. గోడల మధ్య నీళ్లు నిలిచి, గొర్రెలు మోకాలి లోతు బురదలో నిలబడ్డాయి. పడుకోవడానికి చోటు లేదు, మేత లేదు. గేటు తీసేసరికి పదకొండు చచ్చాయి. అందులో సగం చూడివి. నాయన ఒక్కొక్కదాన్నీ ఎత్తి బయట వరసగా పెట్టాడు. ఏడవలేదు, తిట్టలేదు. మిగిలినవాటిని నాయుడుపేట సంతకు తోలాడు. ఆ తరువాత ఆయన గట్టెక్కలేదు. మరుసటి ఎండాకాలానికి పోయాడు. జబ్బేమిటని డాక్టరును అడిగితే గుండె అన్నాడు. నేను మాత్రం గేటు అంటాను.

ఇంకొకటి కూడా ఆరోజు చూశాను. రమణయ్య ఇంటి వరండాలో ఒకామె నిలబడి ఉంది. ఆయన చెల్లెలు, కామాక్షమ్మ. పిల్లల్లేరు. భర్త పోతే అన్న పంచన చేరింది. ఆమె మా నాయనను చూసింది. నన్ను చూసింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపును కూడా నేను మనసులో పెట్టుకున్నాను.

ఎనిమిదేళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, ఊళ్లోనే మేనత్త కొడుక్కి ఇచ్చారు. అంగన్‌వాడీ పని దొరికింది. ఆ ఇంటి ముందు నుంచే రోజూ వెళ్లేదాన్ని. ఒక్కరోజు కూడా ఆ గేటు వైపు చూడకుండా పోలేదు. కోపం చల్లారుతుందని అంటారు. నాది చల్లారలేదు, నిలవ ఉన్న ఊరగాయలా ఊరింది.

ఒకరోజు పొద్దున రమణయ్య కబురు పెట్టి నన్ను పిలిపించాడు. వరండాలో ఆయనతోపాటు బుచ్చి నుంచి వచ్చిన పెద్దమనుషులు ముగ్గురు కూర్చుని ఉన్నారు, ఆయన బంధువులే. గట్టు వాలంతా నిమ్మ పెట్టించాలని ఉంది, ముందు మన్ను చూడాలి, ఈ గట్టు సంగతి మీ వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు, గుంత ఎక్కడ తవ్వాలో చూపించు అన్నాడు. నేను సరే అనలేదు, కాదనలేదు. అప్పుడు ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అవును పాపా, మీ నాయన ఎట్టుండాడు?" అని అడిగాడు.

నాయన పోయి ఏడేళ్లు. ఆయనకు తెలియదు. తెలియకపోవడం కాదు, పట్టలేదు. ఆ పదకొండు గొర్రెలు, ఆ గేటు, వానలో ముసలాయన, ఏదీ ఆ మనిషి తలలో లేదు. క్షమించమని అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బెదిరించి ఉన్నా భయపడి ఊరుకునేదాన్నేమో. కానీ ఎట్టుండాడు అని అడిగాడు, మజ్జిగ తాగుతూ. అక్కడే నాకు తోచింది. "రండయ్యా, చూపిస్తాను" అన్నాను.

మా తాత కాలం నుంచి మంద పడుకునే చోటు ఒకటి గట్టు మీద ఉంది. మూడు పక్కలా బండలు, మధ్యలో పల్లం. పై నుంచి వాన నీళ్లు దిగుతూ మన్ను తెచ్చి అక్కడ వేసేవి. దాని మీద నలభై ఏళ్ల గొర్రెల పెంట. నాయన దొడ్డికి గుంజలు పాతేటప్పుడు అక్కడ గడ్డపార పిడిదాకా దిగేది. మొత్తం గట్టు మీద అలాంటి చోటు అదొక్కటే, మా ఇల్లంత కూడా ఉండదు. తిన్నగా అక్కడికి తీసుకెళ్లాను. దొడ్డి అని చెప్పలేదు. దొడ్డి ఆనవాలు కూడా అప్పటికి ఏమీ మిగల్లేదు, గడ్డి కప్పేసింది.

కూలీలు నడుము లోతు తవ్వారు. నల్లగా, పొడిపొడిగా, వానపాములతో మన్ను పైకి వచ్చింది. పెద్దమనుషులు పిడికిట్లో నలిపి చూశారు, వాసన చూశారు. "మాగాణికి తీసిపోదే" అన్నాడు ఒకాయన. వాళ్ల ఊళ్లో ఒక గుంత తవ్వి చూస్తే ఊరంతా తవ్వి చూసినట్టే. అక్కడ నేల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే తీరు, ఏళ్ల తరబడి ఏరు పరిచిన ఒండ్రు. గట్టు మీద అడుగడుక్కీ నేల మారుతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేను, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

వాళ్లలో ఒకాయనకు మాత్రం ఏం తోచిందో, గడ్డపార తీసుకుని పది అడుగులు పక్కకు వెళ్లాడు. ఎత్తాడు కూడా. అది ఖంగుమంటే నా మోసం అక్కడితో సరి. సరిగ్గా అప్పుడే తూర్పున రాకెట్టు లేచింది. అందరూ అటు తిరిగారు. ఆయన కూడా గడ్డపార దించి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, పొగ వంకర తిరిగేదాకా చూశాడు. చూసి, ఇక పోదామా అన్నాడు. గడ్డపార భుజాన వేసుకుని దిగిపోయాడు.

ఆరోజు ఇంటికి వచ్చి చేపల పులుసు చేశాను. రెండుసార్లు వడ్డించుకున్నాను. నాయన పోయాక అంత రుచిగా ఎప్పుడూ తినలేదు. ఇది దాచి ప్రయోజనం లేదు. నాకు సంతోషంగా ఉంది. రమణయ్య గట్టు మీద చెట్లు పెడతాడు, ఏళ్ల తరబడి చాకిరీ చేయిస్తాడు, ఒకరోజు వాటన్నిటినీ మా నాయన గొర్రెల్ని వరస పెట్టినట్టు వరసగా పెట్టుకుంటాడు. అది చూడటానికి ఎన్నేళ్లైనా ఆగగలను అనుకున్నాను.

పది రోజుల తరువాత కామాక్షమ్మ నన్ను వెతుక్కుంటూ గట్టు కిందికి వచ్చింది. చెప్పుల్లేవు, కాళ్లకు సుద్ద అంటి ఉంది. అంతకుముందు ఆమెతో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"పాపా, ఒక్క మాట అడగతా, ఏమనుకోబాక."

"అడుగక్కా."

"కూలోళ్లు గుంతలు తీస్తా ఉండారు. జానెడు దిగేసరికి తెల్లగా సుద్ద పడతా ఉండాది. దాని కింద రాయి. మా అన్న నడిగితే, పెద్దోళ్లు చూసినారు గదా, ఇంకేంది నీ అనుమానం అంటా ఉండాడు."

నేను ఆమె కాళ్లకు అంటిన సుద్ద వైపు చూశాను.

"బుచ్చి కాడ మా నాయన నాకని అనుకున్న మాగాణి ఎకరన్నర ఉండాది. అది అన్న తీసుకుంటాడంట. దానికి బదులు ఈ గట్టు వాలు నా పేర రాస్తాడంట. నిమ్మతోట అయితే నేను ఎవురి మీదా ఆధారపడబళ్లేదు అంటా ఉండాడు. రేపు సంతకాలు. నాకు ఈ నేల సంగతి తెలవదు పాపా. నువ్వు పుట్టి పెరిగిన గట్టు. నువ్వు చెప్పు. ఈడ నిమ్మ నిలస్తాదా?"

ఆమె ముక్కు అచ్చం ఆయన ముక్కే. అది చూశాను.

"అది పైపొరక్కా. పొర దాటితే కిందంతా మన్నే. నిలస్తాది" అన్నాను.

"నువ్వు చెప్పినావు గదా. ఇంక చాలు" అని నా చెయ్యి ఒకసారి పట్టుకుని వెళ్లిపోయింది.

చాలా ఏళ్లు నాకు నేను ఒక కథ చెప్పుకున్నాను. ఆమె హఠాత్తుగా అడిగింది, నాకు ఆలోచించే వ్యవధి లేదు, నోరు జారింది అని. అబద్ధం. ఆమె ఆగి ఆగి అంత పొడుగు ప్రశ్న అడిగింది. మాగాణి అన్న మాట ఆమె నోట రాగానే నాకు మొత్తం అర్థమైంది. రమణయ్యకు ఏమీ కాదు. పోయేది ఈమె భాగం. రేపు సంతకాలు అంది, అంటే ఇంకా ఒక రోజు ఉంది. నేను "వొద్దక్కా" అని ఒక్క మాట అంటే ఆగిపోయేది. మరి ఎందుకు అనలేదు? గుంత విషయంలో చేసిన మోసం బయటపడుతుందని భయమా? అది కొంత. ఆ తలుపు గుర్తొచ్చిందా? వచ్చింది. అయినా అవన్నీ కాదు. ఆ ఇంటి రక్తం ఏదైనా సరే ఆ గట్టు మీద ఎండిపోవాలని నాకు ఉంది. అన్నా, చెల్లెలా అన్న తేడా ఆ క్షణంలో నాకు పట్టలేదు. ఆయన కంచెలో పడ్డ మందకు శిక్ష వేసినప్పుడు ఏ గొర్రె తిన్నదని చూడలేదు. నేనూ చూడలేదు. అంటే నేను ఆయనలాగే చేశాను.

ఇంకొక ప్రశ్న ఉంది. అది నన్ను ఎక్కువ కాలుస్తుంది. రమణయ్య ఆ గట్టు కింద పదేళ్లు కాపురమున్నాడు. కంచెకు రాళ్లు పాతించాడు. జానెడు కింద ఏముందో ఆయనకు నిజంగా తెలియదా? చెల్లెలికి ఇవ్వాల్సిన మాగాణి నొక్కేయడానికి, పెద్దమనుషుల ముందు మంచి గుంత చూపించడానికి, గొర్రెలోళ్ల పిల్ల చెప్పిందంటే అందరూ నమ్ముతారని తెలిసే నన్ను పిలిచాడా? అదే అయితే, నేను ఆయన మీద పగ తీర్చుకోలేదు. నా పగను ఆయన కూలికి పెట్టుకున్నాడు. దీనికి జవాబు నాకు ఎప్పటికీ దొరకదు. ఆయన్ని అడగాలంటే నేను చేసింది ముందు చెప్పాలి.

సుద్దలో మూరెడు గుంతలు తొలిపించి, చెరువు మన్ను తోలించి నింపారు. మొక్కలు మూడొందలకు పైనే. మొదటి మొక్క కామాక్షమ్మ చేతే పెట్టించారు, ఆమె తోట కాబట్టి. అది కూడా ఎక్కడ? పెద్దమనుషులు తవ్వి చూసిన ఆ గుంతలోనే. మిగతా మొక్కలూ చాలావరకు ఆమే నాటింది. కూలీలు సరిగా తొక్కరని ఒక్కోటీ తన చేత్తో మన్ను సర్దింది.

మూడేళ్లు తోట పచ్చగా ఉంది. ఆ మూడేళ్లూ నేను భయంతో ఉన్నాను, బతుకుతాయేమోనని. అంగన్‌వాడీ అయ్యాక ఏదో పని ఉన్నట్టు గట్టెక్కి ఆకులు చూసి వచ్చేదాన్ని. ఎండాకాలం ఆమె కింద బోరు నుంచి బిందెలతో నీళ్లు మోస్తుండేది. నన్ను చూస్తే ఆగి నవ్వేది. మొదటి కాపు వచ్చినప్పుడు కాయలు కొంగులో కట్టుకుని ముందు మా ఇంటికే తెచ్చింది. "నీ మాట నిలిచింది పాపా" అంది. ఆ కాయలతో ఊరగాయ పెట్టాను. ఏడాది తిన్నాను.

నాలుగో ఏడు వానలు గట్టిగా పడ్డాయి. గుంతల్లో నీళ్లు కిందికి ఇంకే దారి లేక నిలిచిపోయాయి. ఆకులు పసుపు పచ్చబడ్డాయి. ఆ తరువాత వచ్చిన ఎండకు ఆ కాస్త మన్నూ రాయిలా బిగిసింది. కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. ఐదో ఏటికి తోట కట్టెలైంది. నేను ఇన్నేళ్లు ఎదురుచూసింది ఇదే. చూడటానికి వెళ్లాను. ఆమె ఒక చెట్టు మొదట్లో కూర్చుని చేతులతో మన్ను తోడుతోంది. వేళ్లు గోళ్ల దగ్గర చిట్లాయి. వేర్లు గుంతలోనే గుండ్రంగా తిరిగి తిరిగి చుట్టుకుని ఉన్నాయి, తాడు చుట్టలా. "పొర దాటలేకపోయినాయి పాపా" అంది. "నా చెయ్యి మంచిదైతే దాటి ఉండేవి."

పొర అని చెప్పింది నేను. కింద మన్ను ఉందని చెప్పింది నేను. ఆమె దాన్ని ఇంకా నమ్ముతోంది. మన్ను ఉంది, నేలలో తప్పు లేదు, కాబట్టి తప్పు తన చేతిది అనుకుంది. ఊరు కూడా ఆ మాటే అంది. మొగుడు పోయిన మనిషి చేత మొదటి మొక్క పెట్టించినారు, ఇంకేం నిలస్తాది అన్నారు. కుళాయి దగ్గర నేనుండగానే అన్నారు. నేను కాదనలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, అయ్యో అన్నట్టు నాలుక చప్పరించాను.

ఆ దొడ్డి చోటులో పెట్టిన మొదటి మొక్క మాత్రం చావలేదు. మరి అదెలా నిలిచింది అని ఎవరూ అడగలేదు. కామాక్షమ్మ దానికి కూడా తన జవాబు తనే చెప్పుకుంది. "అది మీ నాయన మంద పడుకున్న చోటంట గదా, ఎవురో చెప్పినారు. ఆయన పుణ్యాన నిలిచినాది" అంది. నేను తల ఊపాను.

తోట పోయాక అన్న ఇంట్లో ఆమెకు మాట పడని రోజు లేదు. నాయుడుపేట చేరి ఒక హాస్టలు వంటింట్లో గిన్నెలు తోముతోంది. రమణయ్య ఇక్కడి ఇల్లు తాళం పెట్టి బుచ్చి వెళ్లిపోయాడు. ఏడాదికి రెండు పంటలూ వరి పండిస్తున్నాడు, ఆ ఎకరన్నర కలుపుకుని. ఆ మధ్య బస్టాండులో కనపడి, "బాగుండావా పాపా" అన్నాడు. జుట్టు కూడా సరిగా నెరవలేదు. ఆయన బాగుండకూడదని నేను ఇప్పటికీ కోరుకుంటాను. రోజూ కోరుకుంటాను. ఇందులో నాకు సిగ్గు లేదు.

పోయిన నెల కామాక్షమ్మ ఏదో కార్డు పని మీద మా ఊరి సచివాలయానికి వచ్చి, అంగన్‌వాడీ ముందు ఆగింది. నేను గోడ వారన చిక్కుడు గింజలు వేస్తున్నాను, పిల్లలకు కూర అవుతుందని. నాలుగు గింజలు చేతిలో పెట్టబోయి, నువ్వూ వెయ్యక్కా అన్నాను. ఆమె రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. అరవై దాటిన మనిషి, బడిపిల్ల దెబ్బకు దాచుకున్నట్టు దాచుకుంది. "నా చెయ్యి వొద్దు పాపా. పిలకాయలు తినేది" అంది. ఇప్పుడు తులసి మొక్క కూడా తను నాటదట. హాస్టల్లో కరివేపాకు మొక్క పెడుతుంటే తను పక్కకు వెళ్లిపోయిందట.

తరువాత అరుగు మీద కూర్చుని, చాలాసేపు కొంగు చివర నలుపుకుంటూ, ఆ మాట ఎత్తింది. "మీ నాయన వానలో నిలబడి ఉంటే నేను లోపలికి పోయి తలుపేసుకున్నా. నీకు గుర్తుండాదో లేదో. మా అన్న నడిగే ధైర్యం లేదు నాకు, చూడలేక పోయినా. ఆ పాపమే చెట్లయి తగిలిందేమో అనుకుంటా. నిన్ను అడగాలని చానా దినాల నుంచి అనుకుంటా ఉండా. మనసులో పెట్టుకోబాక."

ఒక తలుపు వేసుకున్నందుకు ఆమె ఇరవై రెండేళ్లు మోసింది. మోసి, నా దగ్గరికి వచ్చి, నా ముఖం చూసి చెప్పింది. అప్పుడైనా నేను నోరు తెరవాలి. ఇంతకంటే తెరిచిన దారి మనిషికి దొరకదు. నేనేమన్నానో తెలుసా? "అదేం లేదక్కా, టీ తాగు" అన్నాను. టీ ఇచ్చాను. బస్సు ఎక్కించాను. ఆమె కిటికీలోంచి తేలికపడ్డ ముఖంతో చెయ్యి ఊపింది. ఆ ముఖం చూసి నాకు ఆమె మీద అసూయ కలిగింది.

మరునాడు పొద్దున్నే గడ్డపార తీసుకుని గట్టెక్కాను. ఎందుకంటే చెప్పలేను. ఎండిన మోళ్ల మధ్య గరిక మళ్లీ అల్లుకుంటోంది. ఎవరివో గొర్రెలు దూరంగా మేస్తున్నాయి. పది చోట్ల గడ్డపార దింపాను. పదిచోట్లా జానెడు, తరువాత ఖంగుమని చేతులకు దెబ్బ. ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. దొడ్డి చోటుకు వెళ్లాను. ఆ ఒక్క చెట్టు నా తలకు మించి పెరిగి, కొమ్మలు వంగేలా కాసి ఉంది. కాయలు కొన్ని రాలి కింద మగ్గిపోతున్నాయి, కోసేవాళ్లు లేక. దాని మొదట్లో గడ్డపార వేస్తే చప్పుడు లేకుండా దిగింది. మా నాయన పుణ్యం కాదు అది. అక్కడ మన్ను ఉంది. ఆమె చెయ్యి పెట్టింది, మన్ను పట్టుకుంది. మన్ను ఉన్న చోట ఆమె పెట్టింది ఒక్కటే మొక్క, ఆ ఒక్కటీ బతికింది.

ఆ చెట్టు కాయలు ఐదు, ఇది రాస్తుంటే నా ముందు పెట్టుకున్నాను. ఆదివారం నాయుడుపేట బస్సు ఎక్కి, ఇవి ఆమె చేతిలో పెట్టి, అంతా చెబుతానో లేదో నాకు తెలియదు. చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీరు చూశారు. ఆమె క్షమిస్తుందని నాకు తెలుసు, అందుకే వెళ్లడానికి కాళ్లు రావడం లేదు. ఆమె తిట్టే మనిషైతే ఎప్పుడో వెళ్లేదాన్ని.

మీకైనా చెప్పాను. ఆ గట్టు మీద మన్ను జానెడు. అది నాకు తెలుసు. తెలిసే నిలస్తాది అన్నాను. ఆమె చెయ్యి మంచిదే.